సత్యకంకణం ఎరుపెక్కిన రోజు

"చెయ్యి బిగించకండమ్మా, మామూలుగా ఉంచండి," అంది విచారణాధికారిణి.

మామూలుగా ఉండటం లాస్యకి పుట్టిన దగ్గర్నుంచీ చేతకాదు. కొడుకు కోటేశు బండెక్కి వీధి మలుపు తిరిగితే చాలు, ఏ లారీయో గుద్దేసినట్టే అనిపిస్తుంది ఆవిడకి. అలాంటి మనిషి మణికట్టుకి సత్యకంకణం తొడిగి మామూలుగా ఉండమంటే ఎలా ఉంటుంది?

ఐపీ పెట్టడానికి ఇప్పుడు కాగితాలూ సాక్షులూ అక్కర్లేదు. అప్పులు తీర్చలేనని చేతులెత్తేసినవాడూ, వాడితో ఒకే కప్పు కింద ఉండేవాళ్లూ కంకణం తొడుక్కుని ప్రశ్నలకు జవాబు చెప్తే చాలు. అది నాడినీ చెమటనీ చదివి, మాటలో మరుగు లేకపోతే పచ్చగా, ఉంటే ఎర్రగా వెలుగుతుంది. ఏం దాచారో దానికి తెలియదు, దాచారన్నదే తెలుసు. పచ్చ వెలిగితే అప్పులన్నీ రద్దు. ఇంట్లో ఏ ఒక్కరికి ఎరుపు వెలిగినా అప్పు చేసినవాడికి దగాకోరు ముద్ర, జైలు.

కోటేశు రొయ్యల చెరువులు రెండూ తెల్లమచ్చ తెగులుకి తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన ఇల్లూ, బండీ, మోటార్లూ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. వాడి కంకణం పచ్చగా వెలిగింది. ఇక తల్లి వంతు.

అంతకుముందే, తనూ ఐపీ పెట్టిన రొయ్యల రైతు సోమరాజు విచారణ ముగించుకుని వరండాలో ఎదురయ్యాడు. "ఏం లేదు చెల్లెమ్మా, దణ్ణం పెట్టుకున్నంత సేపు. నాది పచ్చిమిరపకాయలా వెలిగింది!" అని పెద్దగా నవ్వాడు. అతని నలభై ఎకరాల చెరువులూ బావమరిది పేరున ఉన్నాయని భీమవరమంతటికీ తెలుసు. పిటిషన్ వెయ్యడానికి ముందే పెళ్లాంబిడ్డల్ని వేరే ఇంట్లో పెట్టాడు. ఇక అడిగితే అతన్నొక్కణ్ణే అడగాలి. అతనా, ఎంత అబద్ధమాడినా చెమట పట్టని మనిషి.

"మీ ఇంట్లో చెప్పకుండా ఉంచిన బంగారం ఏమైనా ఉందా?" అని లాస్యని అడిగింది అధికారిణి.

"లేదండీ."

కంకణం ఎర్రగా మండింది.

కోటేశు గభాలున లేచాడు. "మేడమ్, మా అమ్మకి భయం ఎక్కువండీ. కుక్కర్ కూతేసినా ఉలిక్కిపడుద్ది."

"మీరు కూర్చోండి. అమ్మా, ఆలోచించుకుని చెప్పండి."

బంగారం అనగానే లాస్యకి పసుపు గుడ్డ మూట కళ్ల ముందు మెదిలిన మాట నిజమే. చెరువులో మొదటి రొయ్య చచ్చి తేలిన రోజున తన చెవి దిద్దులు తీసి ముడుపు కట్టింది. బిడ్డ గట్టెక్కితే ద్వారకా తిరుమల కొండెక్కి హుండీలో వేస్తానని మొక్కుకుంది. మొక్కు తీరేదాకా బయటపెట్టకూడదని కొడుక్కి కూడా చెప్పలేదు.

"దిద్దులున్నాయండీ, దేవుడి గూట్లో. అవి మావి కాదు కదండీ, చిన్న వెంకన్నవి."

"ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాయి కదా?"

"ఉంటే? ముడుపు కట్టిన సొమ్ము మనదని చెప్పుకుంటామా అండీ ఎక్కడైనా?"

"దాచిన ఆస్తిగా నమోదైపోయిందమ్మా. నా చేతుల్లో ఏం లేదు."

లాస్య ఒళ్లు భగ్గుమంది. జన్మలో గొంతు పెంచని మనిషి లేచి నిలబడింది.

"మీ చేతుల్లో లేకపోతే ఆ కుర్చీలో మీరెందుకండీ? నలభై ఎకరాలు బావమరిది పేరున దాచినోడికి పచ్చ, బిడ్డ కోసం మొక్కుకున్నదానికి ఎరుపా? భయపడే వాళ్లంతా దొంగలూ, భయం లేనోళ్లంతా దొరలూనా? నా కొడుకు పైసా దాచలేదు!"

కంకణం పచ్చగా వెలిగింది.

"ఇదిగో, చూడండి! ఇదీ రాసుకోండి!"

"ఇది నేనడిగిన ప్రశ్నకి జవాబు కాదమ్మా. లెక్కలోకి రాదు."

కోటేశుకి మూడు నెలల జైలు పడింది. బయటికొచ్చాక ఇంకొక్కసారి పిటిషన్ వేసుకోవచ్చట. "ఈసారి పెద్దావిడకి ఏమీ తెలియనివ్వకండి," అన్నాడు లాయరు. ఐపీ పెట్టబోయే ఇళ్లన్నింట్లోనూ అప్పటికే మాటలు ఆగిపోయాయి. మొగుడు పెళ్లానికి చెప్పడు, పిల్లలు తల్లిని అడగరు.

కోటేశు విడుదలై ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. నుదుటి మీద కొత్త దెబ్బ ఉంది. లాస్య అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, లోపల ఏం జరిగిందో తెలుసా..."

లాస్య రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.

"చెప్పకు నాన్నా! నాకు తెలిస్తే మళ్లీ నీ మీదికే వస్తది. అన్నం తిను."

ఆ దెబ్బ ఎలా తగిలిందని అడగలేదు. చూస్తే అడిగేస్తానేమోనని గోడవైపు తిరిగి కూర్చుంది.