కొలను గట్టు మీద నీలిదీపం

మా కాలేజీలో కొలను గట్టు మీదున్న నీలిదీపం స్తంభం మంచిది కాదు. పగలంతా దాని పక్కనే గడ్డకట్టిన నీటి మీద స్కేటింగు చేసే పిల్లలు కూడా చీకటి పడ్డాక చుట్టూ తిరిగి పోతారు. ఆపదొచ్చినవాళ్ళు బొత్తాం నొక్కితే కంట్రోలు రూములో మోగాలని, అక్కడివాళ్ళతో మాట్లాడాలని పెట్టారు దాన్ని. కానీ ఎవరూ నొక్కకుండానే మోగుతుందని దానికి పేరు. వెళ్ళి చూస్తే మనిషుండడు... మంచులో అడుగుజాడ కూడా ఉండదు.

నేను ఈ మిన్నెసోటా చలిలో, ఈ కాలేజీ వంటింట్లో ఎన్నో ఏళ్ళుగా గరిటె తిప్పుతున్నవాణ్ణి. దెయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రాదు.

రాత్రిళ్ళు తలుపులకు తాళాలు పడ్డాయో లేదో చూసుకుంటూ తిరిగే కాపలా మనిషి ఉన్నాడే, అర్లెన్ — అతని భార్య మార్లిస్‌కి కంట్రోలు రూములో రాత్రి డ్యూటీ. సుడిగాలి వచ్చినా, నిప్పంటుకున్నా కాలేజీ మొత్తానికీ హెచ్చరిక చెప్పేది ఆవిడే. మైకులో ఒక్క మాటంటే స్తంభాలన్నీ పలుకుతాయి, పిల్లల ఫోన్లన్నీ మోగుతాయి. ఇంట్లో మాత్రం ఇద్దరికీ మాటలు తక్కువ. అర్లెన్ నోట్లోంచి మాట రావాలంటే పట్టుకారు పెట్టి లాగాలి.

ఒక రాత్రి ఆవిడ మరిచిపోయిన రొట్టెల పొట్లం ఇద్దామని అర్లెన్ వెళ్ళి తలుపు దగ్గరే ఆగిపోయాడు. లోపల మార్లిస్ నవ్వుతోంది... పెళ్ళికి ముందు నవ్విన నవ్వు.

"ఛీ, పో... ఎవరైనా వింటారు," అంటోంది మైకులో. ఎదురుగా బోర్డు మీద కొలను గట్టు స్తంభం గుర్తు వెలుగుతోంది.

పొట్లం అలాగే పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. పొద్దున ఇంటికెళ్ళాక అడిగాడు — "రాత్రి ఎవరితో మాట్లాడావు?"

"ఏమీ తెలీనట్టు అడుగుతాడు చూడు!" అని బుగ్గ గిల్లి పోయి పడుకుంది.

ఇక అర్లెన్ కడుపులో మంటే మంట. కొత్తగా చేరిన సంగీతం మాస్టారి మీద అనుమానం, పాలు తెచ్చేవాడి మీద అనుమానం. ఓ రోజు నన్ను కూడా అదోలా చూశాడు. "నా మొహానికి అంత అదృష్టమా బాబూ!" అన్నాను. నవ్వలేదు.

వాణ్ణి రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవాలని ఒక రాత్రి కొలను దగ్గరికెళ్ళి, పడవల షెడ్డు వెనక నక్కాడు. గాలి లేదు. అప్పుడే కురిసిన మంచు మీద తన అడుగులు తప్ప ఇంకేమీ లేవు...

నీలిదీపం టపటపా కొట్టుకుంది.

బొత్తాం దగ్గర — ఎవరూ లేరు.

స్తంభంలోంచి మార్లిస్ గొంతు గుసగుసగా వచ్చింది. "వచ్చావా? ఇవాళ ఆలస్యమైందేం?"

ఇటునుంచి ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆవిడ కిలకిలా నవ్వింది. "నా చేతులా? వెచ్చగానే ఉన్నాయిలే..."

ఇంకొకడైతే అక్కడే గుండె ఆగి పడిపోయేవాడు. కానీ కుళ్ళు ముందు భయమెంత? అర్లెన్ ఒక్క ఉరుకున పోయి స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎవడే వాడు? చెప్పవే! ఎవడు?"

మార్లిస్ అదిరిపడింది. ఆ కంగారులో చెయ్యి పోయి 'మొత్తం కాలేజీ' అన్న మీట మీద పడింది. మైకు తెరిచే ఉంది. బల్ల మీది స్పీకరులోంచి వచ్చిన మొగుడి అరుపు ఆ మైకులోనే పడింది. ఇక చూస్కోండి — ప్రతి స్తంభం, ప్రతి గోడ, మా వంటింటి స్పీకరు పెట్టె కూడా "ఎవడే వాడు?" అని గర్జించాయి! నేను మర్నాటి రొట్టెలకు పిండి కలుపుతున్నాను, గిన్నె కింద పడేశాను. హాస్టలు పిల్లలైతే సుడిగాలి హెచ్చరికనుకుని, నేర్పింది నేర్పినట్టు నడవాల్లో గోడవార కూర్చుని, తల మీద చేతులు పెట్టుకుని, మొగుడూ పెళ్ళాల తగువు బుద్ధిగా విన్నారు.

"ఏంటి అర్లెన్ ఈ వేషాలు?" మార్లిస్ గొంతు. "ఇప్పటిదాకా మాట్లాడింది నువ్వే కదా... నెల్లాళ్ళుగా రోజూ మాట్లాడేది నువ్వే కదా!"

ఈసారి స్తంభాలన్నీ అర్లెన్ గొంతుతో గొణిగాయి.

"నేను... ఇప్పుడే వచ్చాను మార్లిస్."

తర్వాత అందరి ఫోన్లూ మోగాయి. నియమం కదా, పంపకపోతే కుదరదు పాపం: 'పొరపాటున వెళ్ళిన ప్రకటన. ప్రమాదమేమీ లేదు.'

పొద్దున్నే మెకానిక్కులొచ్చి లోపల తేమ చేరిందన్నారు, ఏవో సామాన్లు మార్చి పోయారు. పిల్లలు అర్లెన్ కనబడితే చాలు, "ఎవడే వాడు?" అని అరిచి పారిపోయారు. అతను పట్టించుకోలేదు. నా వంటింట్లో కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"వాడిది అచ్చం నా గొంతేనట. కానీ నాకన్నా బాగా మాట్లాడతాట్ట. తిన్నావా అంటాడట. చేతులు చల్లబడ్డాయా అంటాడట. నేను ఒక్కనాడైనా అడిగానా చెప్పు?"

"దెయ్యం మీద కూడా కుళ్ళేనా?" అన్నాను.

"దెయ్యమైతే నాకేంటి? మార్లిస్ నా పెళ్ళాం!" కళ్ళు తుడుచుకున్నాడు. "ఇవాళ వాడికన్నా ముందు నేనే నొక్కుతా. నేనే అడుగుతా. నువ్వూ తోడు రా."

వెళ్ళాను, నా ఖర్మ. దారంతా ఆ రెండు మాటలే వల్లె వేసుకున్నాడు. స్తంభం దగ్గర చేతి తొడుగు తీసి బొత్తాం నొక్కాడు. దీపం వెలిగింది.

"మార్లిస్... తిన్నావా?"

"చేతులు చల్లబడ్డాయా?"

అటువైపు ఊపిరి వినబడింది. తర్వాత మార్లిస్ పలికింది — మెల్లగా, మర్యాదగా, ఎవరో కొత్త మనిషితో మాట్లాడినట్టు.

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనే... అర్లెన్‌ని."

"మా ఆయన ఇప్పుడే మాట్లాడి పెట్టేశాడండీ," అంది. "మీరెవరు?"