నాలుగు లెక్కపెట్టేలోపు

"ఆ సీసా కింద పెట్టండి. ఇక్కడ కొలవకుండా చుక్క కూడా పొయ్యరు."

కొత్త బార్‌టెండర్‌తో ఆమె అన్న మొదటి మాట అది. అతను సీసా కింద పెట్టలేదు. ఒక గ్లాసు మీద తలకిందులుగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి నాలుగు లెక్కపెట్టి, ఠక్కున నిలబెట్టాడు.

"ఇప్పుడు కొలవండి."

ఆమె ఆ గ్లాసులోది తన జిగ్గర్‌లోకి వొంపింది. అరచేతిలో ఇమిడే ఇత్తడి కొలత అది. మందు సరిగ్గా అంచుదాకా వచ్చి ఆగింది. ఒక్క చుక్క తగ్గలేదు, ఒక్క చుక్క ఒలకలేదు.

"గడియారం లేకుండా ఈ లెక్కేమిటి?"

"గుండె ఉందిగా. నాలుగు దెబ్బలకి ఒక పెగ్గు. నాకు నేర్పినాయన అలాగే నేర్పాడు."

"ఏదో అందాజుగా కుదిరింది," అంది మూతి ముడుచుకుని.

"అయితే నన్ను అందాజు అనే పిలవండి. మీకు కూడా ఒక పేరు పెట్టేశాను. తక్కెడ."

వారం తిరిగేసరికి ఆ బార్‌లో వాళ్ళ అసలు పేర్లు ఎవరికీ గుర్తులేకుండా పోయాయి. బార్ నడిపే ఆమె మేనత్త కూడా "తక్కెడా, ఇలా రావే" అనడం మొదలుపెట్టింది.

ఆ జిగ్గర్ అంటే ఆమెకి ప్రాణం. తనకి పని నేర్పిన పెద్దాయన ఒక ఉదయం మాటమాత్రం చెప్పకుండా వెళ్ళిపోతూ దాన్ని కౌంటర్ మీద వదిలి వెళ్ళాడు. ఆయన తర్వాత ఇద్దరొచ్చారు. ఇద్దరూ వెళ్ళారు. ఎవరు సంచి సర్దుకుంటున్నా చూడలేక ఆమె వెనక గదిలోకి పోయి కూర్చునేది. అందుకే ఈసారి వచ్చినవాడితో ముక్తసరిగా ఉండాలని ముందే ఒట్టు పెట్టుకుంది.

ఒట్టు నిలబడితేగా! అతను పని చేస్తుంటే చూపు తిప్పుకోవడమే కష్టం. పళ్ళరసం పడ్డవైతే మంచుముక్కలతో షేకర్‌లో వేసి, భుజందాకా ఎత్తి గలగలా కుదిపేవాడు. బయట స్టీలు మీద తెల్లగా చెమ్మ పట్టగానే ఆపేవాడు. ఉత్త మందులే కలిసే తేట డ్రింకైతే అసలు కుదిపేవాడు కాదు. పొడుగాటి చెంచా వేళ్ళ మధ్య తిరుగుతుంటే మంచుముక్కలన్నీ ఒక్కటై తిరిగేవి. చప్పుడన్నది ఉండేది కాదు.

"నిద్రపోయిన పసిబిడ్డని పక్కమీద వేసినంత నెమ్మదిగా కలుపుతారేం?" ఒకరోజు నోరు జారి మెచ్చుకుంది.

"కుదిపితే గాలి దూరి మబ్బేసినట్టయిపోతుంది కదండీ. అది సరే, మీరు తీసిన ఈ నారింజ తొక్క చూసుకున్నారా? కింద తెల్లది వెంట్రుకవాసి కూడా అంటలేదు. ఇంక చేదు ఎక్కణ్ణించి వస్తుంది పాపం!"

"పొగడ్తా, వెటకారమా?"

"కొలిచి చెప్పండి."

అతను లేనప్పుడు, మధ్యాహ్నం బార్ తెరవకముందు, ఆమె సీసాలో నీళ్ళు నింపుకుని ఆ గుండె లెక్క నేర్చుకుంది. నెల తిరిగేసరికి పదికి పదీ నిండాయి. ఎవరితోనూ అనలేదు. అంటే ఆ అందాజు నెత్తికెక్కి కూర్చుంటాడు మరి!

ఇంతలో వానలు పట్టుకున్నాయి. తడిసినవాళ్ళంతా లోపలికే రావడంతో గిరాకీ పెరిగి, అప్పటిదాకా చెరో చివరా ఉన్న ఇద్దర్నీ అత్తయ్య పక్కపక్కన ఒకే కౌంటర్‌కి వేసింది. పది రోజులు గడిచాయో లేదో, అతను కలిపిన మూడు గ్లాసులు వరసగా రుచిచూసి ఆవిడ మొహం చిట్లించింది.

"ఇది పులుపు. ఇదీ పులుపే. మందు తగ్గి నిమ్మరసం నెగ్గుతోంది. అబ్బాయ్, నీ చెయ్యి పోయింది."

అతను తల వంచుకున్నాడు.

"జిగ్గర్‌తో పోస్తాడులే అత్తయ్యా," అంది ఆమె.

"కొలిచేందుకు నువ్వున్నావుగా! జనం మీదపడితే చకచకా పోస్తాడనే ఇతన్ని పెట్టుకున్నాను. రేపు మూడింటికి నా కళ్ళముందు పది పెగ్గులు పొయ్యాలి. తగ్గితే నీ దారి నువ్వు చూసుకో, బాబూ."

మర్నాడు అతను సంచి సర్దుకునే వచ్చాడు. తలుపు పక్కన దాన్ని చూడగానే ఆమె మొహం తిప్పుకుంది. సీసాలో నీళ్ళు పోశారు. కొలిచే పని ఆమెదే.

మొదటిది తగ్గింది. రెండోది ఇంకా తగ్గింది.

"ఇంకేం చూడాలి?" అంది అత్తయ్య.

"ఒక్కటి, ఇంకొక్కటి అత్తయ్యా," అని జిగ్గర్ ఆవిడ చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకుండా ఆ చివర కిటికీ దగ్గరికి పోయింది. బయట వాన ధారగా పడుతోంది.

"అరె, ఇది నిండిందే!" వెనకనుంచి అత్తయ్య గొంతు.

ఆమె ఒక్క పరుగున వచ్చి అతని పక్కన నిలబడింది. నాలుగోది పోశాడు. తగ్గింది.

ఆమె జిగ్గర్ వంక చూసింది. అతని వంక చూసింది. అతని చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఐదోది నిండింది. తిరిగొచ్చింది. ఆరోది తగ్గింది.

"నాలుగు దెబ్బలకి ఒక పెగ్గన్నావు," అంది నెమ్మదిగా. 'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలీదు. "ఆ దెబ్బలు ఎప్పట్నించి పరుగెడుతున్నాయి?"

"ఒకే కౌంటర్‌కి వేసిన రోజునించి."

"ఉద్యోగం పోతుంటే కూడా చెప్పవేం?"

"ఏమని చెప్పను? తక్కెడవి కదా, కొలిచి తక్కువుందంటావేమోనని భయం."

అత్తయ్య స్టూలు మీద కూలబడింది. "ఓరి మీ దుంప తెగ! అయితే చెయ్యి కాదు, చోటు మారాలన్నమాట. ఒకళ్ళని వేరేచోటికి..."

"వద్దు," అంది ఆమె గబుక్కున. ఇన్నాళ్ళూ ఏ బార్‌టెండర్‌నీ ముట్టుకోనివ్వని జిగ్గర్‌ని అత్తయ్య దగ్గర్నించి తీసి అతని చేతిలో పెట్టింది. "ఇకనుంచి ఇతను కొలిచి పోస్తాడు. చకచకా పొయ్యడం నేను చేస్తాను."

"నువ్వా? నీకెప్పుడొచ్చే?"

"నేర్చుకున్నా. పదికి పది."

"ఏదీ, పొయ్యి చూద్దాం."

ఆమె సీసా వంచింది. అతను పక్కనే, భుజానికి బెత్తెడు దూరంలో, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అతను గ్లాసులో నీళ్ళు జిగ్గర్‌లోకి వొంపాడు.

సగమే ఉంది.

ముందు అత్తయ్యకే నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుని, "అబ్బాయ్, ఆ సంచి లోపల పెట్టు. తక్కెడా, రేపే మీ అమ్మతో మాట్లాడతాను. అందాకా ఇద్దరూ కొలిచే పొయ్యండి. ఇంకో జిగ్గర్ కొంటాలే," అంది.

"ఎందుకు మేడం, దండగ," అన్నాడతను జిగ్గర్ ఆమె ముందుకు జరుపుతూ. "పక్కపక్కనే ఉంటాం కదా. ఒకటి చాలు."