తలుపు చాటు ఉత్తరం

"అంటించిన కవరు అంటించినట్టే ఉందండి. లోపల ఉత్తరం మాత్రం లేదు," అంది సుబ్బరావమ్మ. కుర్చీ అంచున కూర్చుని, కవరును బల్ల మీద పెట్టి మళ్లీ చేతిలోకి తీసుకుంది.

గుంటూరులో ప్రైవేట్ డిటెక్టివ్ త్రినాథ్ ఆఫీసుకి భయపడుతూ వచ్చేవాళ్లు కొత్తేమీ కాదు. ఆరేళ్లుగా అతని దగ్గర అసిస్టెంటుగా ఉన్న అనీసా అలాంటివాళ్లను ఎందరినో చూసింది. కానీ నగ కాదు, దస్తావేజు కాదు, ఒక్క ఉత్తరం పోయిందని ఇంతలా కంగారుపడిన మనిషిని చూడడం ఇదే మొదలు.

సుబ్బరావమ్మ భర్త లక్ష్మీకాంత్ నేవీలో లెఫ్టినెంట్. శ్రీలంకలో అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో మన ఓడ మీద అక్కడికి వెళ్లాడు. అక్కణ్ణుంచి ఇంటికి ఇరవై మూడు ఉత్తరాలు రాశాడు. 1989లో ఒక సోమవారం, అతను ఇక లేడని టెలిగ్రాం వచ్చింది. ఆ గురువారమే అతని ఇరవై నాలుగో ఉత్తరం వచ్చింది.

"తెరవలేదండి. చదివేస్తే ఇంక ఆయన నాతో చెప్పేదేం మిగుల్తుంది? పన్నెండేళ్లుగా రోజూ తడిమి చూసుకుంటున్నా. లోపలి మడతలు వేళ్లకి తగిలేవి. మార్టూరులో పెళ్లికెళ్లి మూడు రోజులకి తిరిగొచ్చి చూస్తే తగల్లేదు. ఆయన ఆఖరి మాట నాకు కావాలండి!"

అనీసా తల తిప్పుకుంది. నలభై రెండేళ్లు వచ్చాయి, ఊళ్లోవాళ్ల పెళ్లి కార్డులు తప్ప తన పేరున ఎవరూ ఏమీ రాయలేదు.

త్రినాథ్ కవరు అంచును గోటితో గీకాడు. తెల్లటి పొక్కు ఒకటి ఊడింది.

"ఇదేమిటండీ అనీసా గారూ?"

"జిగురేగా సార్?"

"అన్నం మెతుకు. ఓడలో వాళ్లకి జిగురు కరువైందంటారా?"

ఆవిడ ఇంటికి వెళ్తూ సత్తెనపల్లి బస్సులో ఆవిడ అనుమతితో పాత ఉత్తరాలన్నీ చదివారు. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట: 'అన్నయ్యకి చదివి వినిపించు.' అనీసా ఆ మాట చూపిస్తే త్రినాథ్ "ఊఁ" అన్నాడు. అలా అన్నాడంటే ఏదో దొరికినట్టే, అడిగితే మాత్రం చచ్చినా చెప్పడు. ఆ గుణానికే అనీసాకి ఒళ్లు మండుతుంది.

ఇంట్లో మిగతావాళ్లు ముగ్గురు. త్రినాథ్ ముగ్గురికీ తన కార్డు ఇచ్చాడు.

మేడ మీద అద్దెకుండే శ్రీరమ్య పత్రికా విలేకరి. కార్డు చూడగానే ముఖం మాడ్చుకుంది. "డిటెక్టివా? నా మీద అనుమానమా? ఆ ఉత్తరం అచ్చు వేద్దామని అడిగిన మాట నిజమే. సుబ్బరావమ్మ గారు వద్దన్నారు, ఊరుకున్నాను."

ముందు గదిలో బట్టలు కుట్టే ఖుర్షిదా కార్డు మీద వేలు పెట్టింది. "'పరిశోధకులు'లో ధకి ఒత్తు పోయింది సార్. ఇల్లు నాకప్పజెప్పే అక్క ఊరెళ్లింది. ఉత్తరాలు దాచే పెట్టెకి తాళం లేదుగానీ నేను దాని జోలికి పోలేదు, అల్లా సాక్షి!"

"మరి పెద్దాయన భోజనం?" అన్నాడు త్రినాథ్.

"కూర నేనిచ్చా. అన్నం ఆయనే వండుకున్నాడు."

పెద్దాయన అంటే లక్ష్మీకాంత్ అన్న చెంచయ్య. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచి చదివించినవాడు. మిరప కల్లం నుంచి అప్పుడే వచ్చాడు. ఆ ఘాటుకి అనీసా రెండుసార్లు తుమ్మింది. అతను కార్డు వైపు చూడనైనా చూడకుండా బనీను జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే ఆ జేబులో ఉన్నదేదో నలగకుండా జాగ్రత్తగా సర్దుకున్నాడు.

"నాకేం తెల్దండి," అన్నాడు నేల చూస్తూ.

సుబ్బరావమ్మ తలుపు వెనకే నిలబడింది. బావగారి ఎదుటికి రాకపోవడం ఆ ఇంటి మర్యాద.

"మరి ఆ ఉత్తరాలన్నీ ఈయనకి ఎవరు చదివారమ్మా?" అడిగాడు త్రినాథ్.

"నేనేనండి. ఇట్టా తలుపు చాటున నుంచునే."

త్రినాథ్ అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు.

"కవరును ఉడికే అన్నం ఆవిరికి పట్టి విప్పారు, ఆ మెతుకుతోనే అంటించారు. మళ్లీ ఎందుకంటించారు? సుబ్బరావమ్మ గారు బాధపడకూడదని. అంత జాలి ఉన్న మనిషి, చదువొచ్చి ఉంటే అక్కడే చదువుకుని ఉత్తరాన్ని కవర్లోనే ఉంచేసేవాడు. పట్టుకుపోవాల్సిన అవసరం చదవలేనివాడికే. నా కార్డు ఇద్దరు చదివారు. ఒక్కరు చదవలేదు. ఆ మూడు రోజులూ అన్నం వండింది కూడా ఆయనే."

చెంచయ్య బనీను జేబులోంచి కాగితం తీశాడు. చెమటకి మడతలు మెత్తబడ్డాయి.

"మీ తమ్ముడు ఆఖర్న ఏం రాశాడని ఈ రమ్య నన్నడిగింది. పన్నెండేళ్లుగా నేనూ అదే అనుకుంటన్నా. మరదలమ్మాయినేమో అడగలేకపోయా. బస్టాండుకి పోయా, మిర్చి యార్డుకి పోయా, ఎవురి చేతన్నా చదివించుకుందామని. పరాయోళ్ల నోటంట మావోడి మాట ఇనబుద్ధి కాలా. ఎనక్కి తెచ్చా. తప్పేనమ్మా."

తలుపు వెనక నుంచి సుబ్బరావమ్మ గొంతు వచ్చింది.

"తప్పు నాది బావగారూ. ఇదీ మీకు చదవాల్సిందే. నాదొక్కదాన్నే అనుకుని దాచుకున్నా."

ఆవిడ గడప దాటి వచ్చింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఉత్తరం కోసం చెయ్యి చాపింది.

"పదండి, ఇక ఇది మన పని కాదు," అన్నాడు త్రినాథ్. శ్రీరమ్య మేడెక్కింది, ఖుర్షిదా లోపలికెళ్లింది. అనీసా మాత్రం గేటు దగ్గర చెప్పు సరిచేసుకునే వంకతో ఆగిపోయింది. అతను చూసీ చూడనట్టు ముందుకు నడిచాడు.

సుబ్బరావమ్మ గొంతు సన్నగా వినపడుతోంది. "ఇక్కడ మూడు రోజులుగా ఒకటే వాన. మా వంటవాడి కూరల్లో కారమే ఉండదు. ఈసారి మన మిరపకాయ కొట్టించి కారం పంపించు. నేను బాగానే ఉన్నాను. అన్నయ్యకి చదివి వినిపించు."

"ఇంటన్నాన్రా," అన్నాడు చెంచయ్య. "ఇంటన్నా."