గెస్ట్ హౌస్‌లో పన్నెండూ అయిదుకి

1962. ఉదయం ఎనిమిదింటికి భిలాయి గెస్ట్ హౌస్ వంటవాడు పరబ్రహ్మం తను చేసిన ఉప్మా తనే తిని చచ్చిపోయాడు. తొమ్మిదింటికల్లా ఏజెంట్ రాజగోపాల్ వంటవాడి వేషంలో దిగాడు.

ఫోన్లో చీఫ్ ఆర్డర్ క్లుప్తంగా ఉంది. "ప్లాంటు కోసం రెండు దేశాల పెద్దలు చేతులు కలిపిన హాలది. ఇవాళ పన్నెండింటికి అక్కడే ఇంకో ఒప్పందం. ఒక విదేశీ ముఠా దాన్ని చెడగొట్టాలని చూస్తోంది. నీ కాంటాక్ట్, ఇంటర్‌ప్రెటర్ మణిమాల."

మణిమాల అందగత్తె. రాజగోపాల్ నమ్మాడు, వెధవ. పదకొండూ యాభైకి స్టోర్ రూములో ఆమె అతని వీపుకి పిస్టల్ ఆనించింది. ఊడ్చే నూకమ్మ చేత అతన్ని కట్టించి, తర్వాత నూకమ్మనీ కట్టేసింది. అతని లైటరు, బ్లేడు లాక్కుంది. నూకమ్మ నోట్లో చుట్టని మాత్రం, వెలిగించనిదేలే అని వదిలేసింది.

"బాంబు హాల్లో సోఫా కింద. పన్నెండూ అయిదుకి. గుడ్ బై, డార్లింగ్!"

బయట గొళ్ళెం పడింది.

"మా సిన్నారావు ఆ హాల్లోనే కప్పులు సర్దుతన్నాడు బాబూ!" నూకమ్మ కట్లు గుంజుకుంది. బేరర్ చిన్నారావు ఆమెకి ఒక్కగానొక్క కొడుకు.

మణిమాల ఢిల్లీలో పెరిగింది. శ్రీకాకుళం ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారనీ, చుట్ట నిప్పు నోటి లోపలే ఉంటుందనీ ఆవిడకేం తెలుసు? నూకమ్మ నాలుకతో చుట్ట తిప్పి, నిప్పుని అతని మణికట్టు తాడుకి ఆనించింది. తాడుతోపాటు చర్మమూ కాలింది.

చేతుల కట్లు ఊడగానే రాజగోపాల్ ఆమె కట్లు విప్పకుండానే కిటికీ దూకాడు.

హాల్లో సోఫా కింద దొరికిన బాంబుకి మూడు వైర్లు. ఏది కొయ్యాలో ట్రైనింగులో చెప్పిన రోజు అతను సెలవులో ఉన్నాడు. పోర్టికోలో మణిమాల కారెక్కుతోంది. వెళ్ళే అతిథికి పళ్ళబుట్ట ఇవ్వడం ఆ గెస్ట్ హౌస్ మర్యాద. రాజగోపాల్ కమలాపళ్ళ కింద బాంబు పెట్టి బుట్టని చిన్నారావు చేతికిచ్చాడు.

"మేడమ్‌కి ఇచ్చిరా. పరిగెత్తు."

ఇంకా మూడు నిమిషాలు. చిన్నారావు పరిగెత్తలేదు. పళ్ళు దొర్లిపోతాయని మెల్లగా నడిచాడు. కిటికీలోంచి నూకమ్మ చూస్తూనే ఉంది.

"లీజియే దీదీ."

మణిమాల నవ్వి అందుకుంది. కారు కదిలింది. పన్నెండూ అయిదుకి గెస్ట్ హౌస్ అద్దాలు గలగలలాడాయి.

చీఫ్ ఫోన్ చేశాడు. "మణిమాల ఎక్కడ?"

"నందిని రోడ్డు మీద సార్. ఫర్లాంగు పొడుగునా."

తర్వాత రాజగోపాల్ తీరిగ్గా వచ్చి నూకమ్మ కట్లు విప్పాడు.

"బాంబు నా కొడుకు సేతికిచ్చినావా బాబూ?"

"బతికే ఉన్నాడుగా!"

నూకమ్మ లేచి చీర దులుపుకుంది. "ఆ నిప్పు నా కొడుకు కోసం ఎట్టినాను. నువ్విలాటోడివని తెలిస్తే మింగేద్దును."