యాభై నిమిషాల సెలైన్

"మన సంకేతాలన్నీ రాసే కోడ్‌మాస్టర్‌ని ఈ సాయంత్రం లేపేస్తారు." కారు స్పీకర్‌లో చీఫ్ గొంతు. "నర్సింగ్‌హోమ్, రెండో అంతస్తు. విదేశీ ముఠా ఎవర్ని దించిందో చెప్పమంటావా?"

"వద్దు సార్," అన్నాడు ఏజెంట్.

చెప్పనక్కర్లేదు. అతని భార్యనే. ఏడేళ్ళు ఇద్దరూ ఒకే డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు. ఆర్నెల్ల కిందట ఆమె ముఠా వైపు దూకేసింది. అప్పట్నించి మహానుభావుడికి ముద్ద దిగడం లేదు, కంటి మీద కునుకు లేదు. డ్యూటీకి మాత్రం ఠంచనుగా వస్తున్నాడు.

అయిదు ఇరవైకి ఫోన్ మోగింది. ఆమే.

"ఏవండీ, ఇక్కడికి రావడానికి మీకు ఎంతసేపు పడుతుంది?"

ఆరా తీస్తోందనుకున్నాడు. దారి పాతిక నిమిషాలే. చెప్పకుండా వెళ్ళి పట్టుకోవాలని, "యాభై నిమిషాలు," అన్నాడు.

"ఖాయమేనా?"

"ఖాయం."

అయిదు నలభై అయిదుకు డాక్టర్ వేషంలో, జేబులో సిగ్నళ్ళు ఆపే జామర్ ఆన్ చేసుకుని, తలుపు తోశాడు. కోడ్‌మాస్టర్ మంచం మీద మత్తులో ఉన్నాడు. సెలైన్ సీసాలో నీళ్ళు యాభై గీత దగ్గరున్నాయి. పక్కనే నర్సు వేషంలో అతని భార్య, గొట్టానికున్న చక్రం మీద వేలు పెట్టి నిలబడి ఉంది.

"చెయ్యి తియ్యి," అన్నాడు.

ఆమె తియ్యలేదు. కాల్చాడు.

పడిపోతుంటే వేలు తగిలి చక్రం వదులైంది. చుక్కలు ధారయ్యాయి.

"సీసా వేలాడే కొక్కెంలో స్ప్రింగ్... సీసా ఖాళీ అయితే బాంబు," అంది ఆమె. "ఆపితే ముఠావాళ్ళు కెమెరాలో చూసి రిమోట్ నొక్కేస్తారు."

"జామర్ ఉంది." గొట్టం మడిచి పిడికిట్లో బిగించాడు. సీసా మెడలో చెంచాడు నీళ్ళు మిగిలాయి.

"అయితే సరే," అని ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

బాంబు స్క్వాడ్ కొక్కెం విప్పుతుంటే మంచానికున్న చార్ట్ చదివాడు. నాలుగింటికి మొదలు. అయిదు వందల మిల్లీలీటర్లు. నిమిషానికి అయిదు.

ఆ లెక్కన అయిదు నలభైకే సీసా ఖాళీ కావాలి. తను తలుపు తోసేసరికి ఈ గదే ఉండకూడదు. మరి యాభై ఎలా మిగిలింది?

ఆమె ఫోన్ చేసినప్పుడు సీసాలో సరిగ్గా వంద ఉండాలి. ఆ తర్వాతి పాతిక నిమిషాల్లో కారింది యాభై. అంటే నిమిషానికి రెండే. ఆమె చక్రం బిగించింది. ధార ఆగితే కెమెరా పట్టేస్తుంది, నెమ్మదిస్తే పట్టలేదు. ముఠా వింటున్న ఫోన్‌లో అంతకన్నా అడగలేకపోయింది. మిగిలిన వంద, నిమిషానికి రెండు చొప్పున ఎంతసేపు వస్తుంది?

యాభై నిమిషాలు. తను వచ్చేదాకా బాంబు పేలకుండా.

ఆమె పక్కనే నేల మీద కూలబడి, స్క్వాడ్ వాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

జామర్ ఆపేశాక ఇయర్‌పీస్‌లో చీఫ్ పలికాడు. "శభాష్. ఆవిడ టైమింగ్ ఎక్కడో తప్పినట్టుంది కదూ?"

"లేదు సార్. ఆవిడ లెక్క చుక్క కూడా తప్పలేదు. నేనిచ్చిన అంకె నమ్మింది, అంతే."