జమాలున్నీసా పక్కమొహం

"మొహం కాస్త పక్కకి తిప్పండి" అన్నాడు నజీర్ అహ్మద్.

"ఏటీ?" అంది నసీమా.

తడిసిన గొడుగు ముడుస్తూ అప్పుడే కొట్లో అడుగుపెట్టిన ఆడపిల్లతో మొట్టమొదట అనాల్సిన మాట కాదది. కానీ పూర్ణా మార్కెట్ వెనక సందులో పుస్తకాలు బైండింగ్ చేసుకునే నజీర్‌కి, మనుషులకన్నా ముందు వాళ్ళ ముక్కులు కనబడతాయి.

దానికో కారణముంది. రెండేళ్ళ కిందట పాత ఇంగ్లీషు పుస్తకమొకటి బైండింగుకొచ్చింది. కెమేరాలు పుట్టకముందు దొరలూ దొరసానులూ చేయించుకున్న నల్లకాగితం బొమ్మలు అందులో ఉన్నాయి. పక్కనుంచి చూసిన మొహం. కళ్ళు లేవు, నవ్వు లేదు, ఒట్టి నీడ. అయినా ప్రతి బొమ్మా ఒక మనిషే. పుస్తకం వెళ్ళిపోయింది, పిచ్చి మిగిలింది. 1981 వానాకాలం నాటికి, గీత గీయకుండా, చిన్న కత్తెరతో రెండు నిమిషాల్లో ఎవరి మొహమైనా కత్తిరించేసేవాడు. "నీడ బొమ్మలు. కదలకుండా కూర్చోవలెను" అని బోర్డు కూడా కట్టాడు. మార్కెట్లో కదలకుండా కూర్చునేవాళ్ళు లేరు కనక బేరాలూ లేవు.

"బొమ్మ కోసమే కదండి వచ్చారు?"

"బొమ్మ కోసమే. నాకు కాదు, మా నానీకి."

నానీ అంటే అమ్మమ్మ జమాలున్నీసా. తల్లి పోయాక నసీమాని పెంచింది ఆవిడే. ఇప్పుడు నసీమాకి పాడేరులో టీచరుద్యోగం వచ్చింది. ఆగస్టు ఒకటిన చేరాలి.

"మా ఇంట్లో అందరి ఫోటోలూ ఉన్నాయి, బక్రీదు మేకతో సహా. నానీది మాత్రం లేదు. ఆవిడ ఫోటో దిగరు. అందుకే ఆవిడకి తెలీకుండా కత్తిరించాల."

"తెలీకుండా ఎలాగండి?"

"అది మీ పని. బోర్డు మీరే కదా కట్టారు?"

నానీ దగ్గర కుట్లు ఊడిపోయిన దువాల పుస్తకం, అంటే ప్రార్థనల పుస్తకం, ఉంది. దాన్ని ఇల్లు దాటనివ్వదు. బైండింగ్ చేసేవాడే సాయంత్రం ఇంటికొచ్చి కుట్టేట్టు నసీమా ఏర్పాటు చేసింది. ఒక్క పూట పని. నజీర్ దాన్ని పదకొండు రోజులు సాగదీశాడు.

తప్పు పూర్తిగా అతనిది కాదు. జమాలున్నీసా ఎవరితో మాట్లాడినా మొహంలో మొహం పెట్టి మాట్లాడుతుంది. మనిషి పక్కకి తిరిగితేనా!

"మీది ఏ వీధి బేటా? మీ అమ్మ పేరేటి?"

"బీబీజానండి. నానీ, అటు కిటికీ దగ్గర ఏదో అలికిడైంది."

"నసీమా, అదేటో సూడు" అనేది నానీ, అతని మీంచి చూపు తిప్పకుండా.

నసీమా కిటికీ వైపు తిరిగేది. వానవెలుగులో ఆమె నుదురు, ముక్కు, కోపంతో బిగిసిన గెడ్డం. నజీర్ ఒళ్ళో నల్లకాగితం, చేతిలో కత్తెర. ఖాళీగా ఉండటం చేతికి చేతకాలేదు.

పదకొండో రోజు గురువారం. శనివారం నసీమా ప్రయాణం. నానీ నమాజుకి లోపలికెళ్ళగానే నసీమా అతని అట్ట ఫైలు లాక్కుని తెరిచింది.

"ఇదేటి? పదకొండూ నావే!"

"అవునండి."

"దీన్లో నోరు తెరిచుంది."

"మొన్న నన్ను తిడతన్నప్పుడు తీసిందండి. బాగా కుదిరింది."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె కళ్ళు నిండాయి.

"ఎల్లుండి వెళ్ళిపోతన్నాను. అక్కడ నాను ఎవరి మొహం చూసుకోవాల? నాదా? పాడేరులో అద్దాలు దొరకవనుకున్నారా?"

నజీర్ కత్తెర సంచిలో పెట్టేశాడు.

"నా మొహం కావాలేటి?" గుమ్మంలోంచి నానీ గొంతు. "అడగొచ్చు కదా?"

"మీరు ఫోటో దిగరు కదా నానీ!" అంది నసీమా.

"ఎవులు సెప్పారు?"

"అందరూ."

"వద్దన్నది మీ నానా, మా ఇంటాయన. ఆయన పోయి పదిహేనేళ్ళయింది. తర్వాత నన్నెవులూ అడగనేదు."

పదకొండు రోజులు దొంగచూపులు చూసినవాడూ, చూడమన్నదీ నేలచూపులు చూశారు.

నానీ మంచి దుప్పట్టా తెచ్చుకుని తల మీద కప్పుకుంది. కిటికీ పక్కన, ఎటు తిరగమంటే అటు తిరిగి, కదలకుండా కూర్చుంది. నజీర్ కత్తెరని అటూ ఇటూ తిప్పకుండా కాగితాన్నే మెల్లగా తిప్పుతూ కత్తిరించాడు. నుదురు, ముక్కు, లోపలికి పోయిన పెదాలు, దుప్పట్టా అంచు. తెల్ల అట్టకి అంటించి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది నాను కాదు."

నజీర్ అట్ట వెనక్కి తీసుకోబోయాడు.

"ఇది మాయమ్మ" అంది నానీ. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. మొహం మర్సిపోయాను బేటా. ఎన్నిసార్లు తలుసుకున్నా వచ్చేది కాదు."

నసీమా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి నానీ కళ్ళు తుడుచుకుంది. "ఇది నా దగ్గరుంటాది. పిల్లకి ఇంకోటి కత్తిరించు. అది సరే, ఆ పదకొండూ ఎవులికి?"

"నా దగ్గరే ఉంచుకుందామనండి."

"పరాయి ఆడపిల్ల బొమ్మలు ఇంట్లో పెట్టుకుంటే మీయమ్మ ఊరుకుంటాదేటి?"

"ఊరుకోదండి. అడగాల."

"ముందు దీన్నడుగు" అని మనవరాలిని చూపించి, నానీ టీ పెట్టడానికి లేచింది. వెళుతూ తలుపు ఓరగా మాత్రమే వేసింది.

నజీర్ అట్ట ఫైలు ఆమె ముందుకి జరిపాడు. "మీరేటంటారండి?"

"పాడేరు చలిగా ఉంటాదట" అంది నసీమా గోడకేసి చూస్తూ.

"అంటారండి."

"వానలకి దారిలో బస్సులాగిపోతాయట."

"ఆగినా వత్తాను."

"ఎలాగ?"

"నడిచి."

"అబద్ధం" అంది. కానీ నవ్వింది. "రేపు జుమ్మా నమాజయ్యాక మీ అమ్మగారిని తీసుకురండి."

మర్నాడు బీబీజాన్ వచ్చింది. ముసలావిడా, ఆవిడా మూడు గంటలు మాట్లాడుకున్నారు. పెళ్ళి గురించి పది నిమిషాలు, మిగతాదంతా మోకాళ్ళ నొప్పుల గురించి. డిసెంబరులో నిఖా అనుకున్నారు.

అక్టోబరులో తుఫాను వానలకి ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు పడి బస్సులాగిపోయాయి. ఆ మధ్యాహ్నం నసీమా క్లాసులో ఎక్కం చెప్పిస్తూ గుమ్మం వైపు చూసింది. మోకాళ్ళదాకా బురద, చంకలో టిఫిన్ క్యారియర్, వగర్చుకుంటూ నజీర్.

"నానీ సేమియా పంపారండి" అన్నాడు. "ఆరు మైళ్ళు నడిచి."

"రోడ్డు బాగయ్యేదాకా ఆగలేకపోయారేటి?"

"ఆగేవాణ్ణేనండి. అబద్ధాలకోరు అనేత్తారని బయలుదేరాను."

నసీమా క్లాసుకి ఎక్కం పలకమని చెప్పి, కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచుకొచ్చి, వరండాలో అతని కాళ్ళ మీద తనే పోసింది.