జనరళ్ల క్యాంపు గుమ్మం

కెనడాలో ఒషావా ఊరు దాటి పైకి పోతే అడవిలో ఓ పాత బిల్డింగు ఉంది. పొద్దు వాలాక దాని ముందు కారు ఆపకూడదంటారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ జర్మనీ జనరళ్లని, కల్నళ్లని తెచ్చి అందులో క్యాంపు పెట్టి ఉంచారట. ఖైదీలే — అయినా హోదా హోదానే. పట్టుబడ్డ మామూలు సిపాయిల్ని వాళ్ళకి నౌకర్లుగా ఇచ్చారు. దొర రాత్రి గది బయట బూట్లు విడిస్తే, తెల్లారేసరికి సిపాయి తుడిచి పెట్టాలి. ఒకే కంచెలో ఇద్దరూ ఖైదీలు... అందులోనూ ఒకడు దొర, ఒకడు నౌకరు! వింటే నాకు ఒళ్ళు మండింది. అట్లా తుడుస్తూనే ఒక సిపాయి జ్వరమొచ్చి అక్కడే చచ్చాడట. ఇప్పటికీ లోపల బ్రష్షు చప్పుడవుతుందని చెప్పుకుంటారు.

మా తమ్ముడు సీతారామారావు ఇవేవీ నమ్మడు. పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరైనవాడు. వాడు విడిచిన చెప్పులు ఇంకోళ్ళు సర్దాలి. మా ఆయన చేత — సొంత బావ చేత — నలుగురి ముందు ఆ చెప్పులు తీయించాడు. నేను మర్చిపోలేదు. మర్చిపోను.

మొన్న జనవరిలో, చీకటి ముసిరాక, ఆ బిల్డింగు ముందే వాడి కారు మంచులో దిగబడింది. ఇంజను ఆగింది. ఫోనుకి సిగ్నల్ లేదు. పక్కన మా మరదలు శాంత... గుండె ఆపరేషనై నెల కాలేదు. చలికి పెదాలు నీలం తిరుగుతున్నాయి.

బిల్డింగులో వెలుగు కనిపించింది. పరిగెత్తాడు. తలుపు తీసే ఉంది. లోపల నేల అద్దంలా ఉంది. ఎవరో కాపురముంటున్నారనుకున్నాడు. మన అలవాటు కదా — బూట్లు గుమ్మం బయట విడిచి లోపలికి పోయాడు.

ఎవ్వరూ లేరు.

వెనక, గుమ్మం దగ్గర... బ్రష్షు చప్పుడు.

తిరిగి చూశాడు. చప్పుడు ఆగింది. వెలుగు ఆరిపోయింది. బూట్లు లేవు.

దొంగ వెధవా, నా బూట్లు తెచ్చి ఇక్కడ పెట్టు, అని ఇంగ్లీషులో అరిచాడట. అవతల పెళ్ళాం ప్రాణం పోతుంటే, అక్కడా హుకుమే!

చేసేది లేక మేజోళ్ళతోనే మంచులో పడుతూ లేస్తూ వచ్చాడు.

వచ్చేసరికి — కారు రోడ్డు మీద ఉంది. ఇంజను ఆడుతోంది. లోపల వెచ్చగా ఉంది. శాంత మొహం తేటపడింది.

"ఎవరు తోశారే?" అన్నాడు.

"మీరు పంపిన మనిషేగా. ఒక్కడే తోసేశాడు, ఇంజనూ ఆడించాడు. అవునూ... మీ బూట్లు అతనికి ఇచ్చారేంటండీ?"

లైట్లు వేసి చూశాడు. మంచులో తన బూట్ల అడుగులు... క్యాంపు వైపు కాదు. రోడ్డు దాటి, ఎదుటి తెల్లటి పొలంలోకి, దూరంగా, ఇంకా దూరంగా — ఒక్కచోటా వెనక్కి తిరగలేదు.